దేవుని మీద ప్రేమ: ఉద్దానం వైపు సంఘాల్లో వినిపించే కొన్ని అపోహలు

"దేవుడంటే నాకు ప్రాణం" అని సాక్ష్యం చెప్పడం అందరికీ వచ్చు. ఆ ప్రాణం పెట్టడం ఏ పనిలో కనబడాలి అన్న దగ్గరే తికమక. శ్రీకాకుళం జిల్లాలో పరామర్శ పని చూసే పరిచారకులకూ స్త్రీల సమాజం వారికీ పనికొస్తాయని ఇవి రాస్తున్నాం.

అపోహ: రోగి ఇంటికి పళ్ళు, కొబ్బరిబొండాలు పట్టుకెళ్ళి ప్రార్థన చేసి వస్తే ప్రేమ చూపినట్టే.

వాస్తవం: ఉద్దానంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. అక్కడ ఈ ప్రేమే ప్రాణం మీదికి తేవచ్చు. బొండాం నీళ్ళలోనూ అరటిపండులోనూ పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. డయాలసిస్ (మిషనుతో రక్తం శుభ్రం చేయించుకోవడం) మీద ఉన్నవారికి తాగే నీళ్ళకు కూడా కొలత ఉంటుంది, మీరు మొహమాటపెట్టి ఇచ్చే గ్లాసు మజ్జిగ కూడా ఆ కొలతలోదే. అందుకే వెళ్ళే ముందు ఇంట్లోవాళ్ళను ఒక్క మాట అడగండి: "డాక్టరు ఏం తినమన్నారమ్మా?"

డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టే చోటును ఫిస్టులా అంటారు. ఫిస్టులా వేసిన చెయ్యి పట్టుకుని ప్రార్థన చేయకూడదు. ఆ చేతిని నొక్కినా, దాని మీద బరువు పెట్టినా రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోవచ్చు. రెండో పక్క కూర్చోండి. ప్రార్థన రెండు నిమిషాలు, మెల్లగా. ఆసుపత్రికి వెళ్తే, వార్డులో పక్క మంచం మీద కూడా మనిషే ఉన్నారు. "ఏ పాపం వల్లో" అన్న మాట నోట రానివ్వొద్దు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అదే అడిగితే వీడూ కాదు, వీడి కన్నవారూ కాదు అన్నాడు యేసు (యోహాను 9). "విశ్వాసముంటే డయాలసిస్ మానేయొచ్చు" అనడం అంతకంటే ఘోరం.

అసలు సాయం వేరే ఉంది. డయాలసిస్ ఒక్కో విడతకు దాదాపు 4 గంటలు, వారానికి రెండు మూడు సార్లు. రానూపోనూ కలిపితే తోడు వెళ్ళేవాళ్ళకు ఒక రోజు కూలి పోయినట్టే. సంఘంలో నలుగురు వంతులు వేసుకుని తోడు వెళ్తే ఆ ఇంట్లో పొయ్యి ఆరదు.

అపోహ: గొంతు ఎంత లేస్తే దేవుని మీద ప్రేమ అంత.

వాస్తవం: కర్మెలు కొండ మీద పొద్దున్నుంచి మధ్యాహ్నం దాటేదాకా అరిచింది బయలు అనే దేవతను కొలిచే ప్రవక్తలు. దేవుని ప్రవక్త ఏలీయా ప్రార్థన రెండు వచనాలు. పైగా 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. రాత్రి ప్రార్థన ఉంటే బయటి బాక్సులు ఆపి తలుపులు వేసుకుంటే సరి.

అపోహ: దశమభాగం ఇచ్చేస్తే లెక్క తీరింది.

వాస్తవం: పుదీనాలో, జీలకర్రలో కూడా పదోవంతు ఇచ్చిన పరిసయ్యులను యేసు గద్దించింది న్యాయాన్నీ కనికరాన్నీ విడిచిపెట్టినందుకు (మత్తయి 23:23). కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉండకూడదని లేవీయకాండం 19:13 చెబుతుంది. కాబట్టి జీడిపిక్కలు ఒలిచినవారికో, వరి కోసినవారికో "వచ్చే వారం ఇస్తాలే" అని కానుక కవరు నింపితే ఆ కవరులో ఉన్నది వాళ్ళ కూలే. చెన్నైలోనో హైదరాబాదులోనో పని చేసుకుంటూ ఊళ్ళో గుడికి చందా పంపి, అమ్మ బీపీ మాత్రలు అయిపోయాయంటే వినిపించుకోని కొడుకుల సంగతి మార్కు 7లో "కొర్బాను" (దేవునికి అర్పించేశాను అని చెప్పి కన్నవారికి ఇవ్వకపోవడం) దగ్గర ఉంది. ముందు కూలి, తర్వాత అమ్మానాన్నల మందులు, ఆ తర్వాతే కానుక. ఈ వరస మాదే, వాదించేవారు వాదించవచ్చు.

అపోహ: చేతిలో డబ్బు లేనివాళ్ళు ఏం ఇవ్వగలరు?

వాస్తవం: ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయండి. పిడికెడు సుమారు 45 గ్రాములు. రెండు పూటలా తీస్తే నెలకు దాదాపు 2.7 కిలోలు. పది ఇళ్ళు కలిస్తే 27 కిలోలు, ఒక చిన్న బస్తా. చెడేది ఎక్కడంటే, పాత బియ్యం అడుగునే ఉండిపోయి పురుగు పడుతుంది. నెలకోసారి డబ్బా పూర్తిగా ఖాళీ చేసి ఎండబెట్టి మళ్ళీ మొదలుపెట్టాలి. మీరు వండుకోని నాసి బియ్యం ఆ డబ్బాలో వేయకండి. ఇచ్చేటప్పుడు ఫోటో వద్దు, "ఆదివారం గుడికి రండి" అన్న షరతూ వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చెట్లు కూల్చినప్పుడు ఎవరి చెట్టో చూసి కూల్చలేదు.

అపోహ: పనులు చాలు, మాటలెందుకు?

వాస్తవం: కొన్నింటికి మాటే పని. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి, ముందు సహోదరుడితో సమాధానపడమన్నది మత్తయి 5:23-24. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) ఆదివారమైతే శనివారం సాయంత్రంలోగా వెళ్ళాలి. గుమ్మం దగ్గర నిలబడి "ఏదైనా తప్పు జరిగుంటే క్షమించండి" అంటే అది క్షమాపణ కాదు, తప్పించుకోవడం. ఇలా అనండి: "గట్టు గొడవలో మిమ్మల్ని నలుగురి ముందు తిట్టాను బాబాయ్, అది నా తప్పే." నలుగురిలో తిట్టి ఉంటే ఆ నలుగురికీ తెలిసేలా చెప్పాలి. వాళ్ళు వెంటనే మాట్లాడకపోతే పట్టుబట్టకుండా వచ్చేయండి. డబ్బు తగాదా అయితే, అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇస్తానన్న సుంకరి జక్కయ్యలా డబ్బు కూడా పట్టుకెళ్ళాలి. ఒక్కసారే ఇవ్వలేకపోతే మొదటి వాయిదా చేతిలో పెట్టి, మిగతాది ఏ నెలలో ఎంతో కాగితం మీద రాసి ఇవ్వండి.