"దొరకలా మేడమ్" అనే ముందు: రీసెర్చికి ఆధారాలు వెతకడంలో అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో ఒక కాలేజీ లైబ్రరీ చూసుకుంటున్నాను. సినాప్సిస్ (చేయబోయే రీసెర్చి గురించిన చిన్న నివేదిక) ఇవ్వాల్సిన రోజులు దగ్గర పడితే నా టేబుల్ దగ్గర రోజూ వినబడే మాట ఒకటే: "మా టాపిక్ మీద ఎవరూ ఏమీ రాయలా మేడమ్." కొందరు టెన్షన్‌తో అంటారు. కొందరు రీసెర్చ్ గ్యాప్, అంటే ఇంకా ఎవరూ పనిచేయని చోటు, దొరికేసిందని సంబరంగా అంటారు. నాకు భయం ఈ రెండో రకంతోనే.

అపోహ: వెతికితే రాలేదంటే, దాని మీద పని జరగలేదు.

కనిగిరి వైపు ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు) మీద పనిచేస్తున్న ఒకమ్మాయి "ప్రకాశం జిల్లా ఫ్లోరోసిస్" అని కొట్టి, ఈ మధ్య వచ్చిన పేపర్లు మాత్రమే పట్టుకొచ్చింది. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించిన పేపరుగా చెప్పేది 1937లో హెచ్.ఈ. షార్ట్, ఆయన సహచరులు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాసినదాన్ని. అది ఆమె ప్రాంతం గురించే! కానీ పేపరు పేరులో ఉన్నది మద్రాసు ప్రెసిడెన్సీ. అప్పటి జిల్లా నెల్లూరు. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం పేరు వచ్చింది 1972లో. 1937 నాటి పేపర్లో ఆ మాట ఎలా ఉంటుంది? పళ్ళ మీద గారకు కూడా అప్పట్లో 'మాటిల్డ్ ఎనామెల్' అనే పేరు వాడేవాళ్ళు. అదీ కొట్టి చూడాలి.

చరిత్ర విద్యార్థులకూ ఇదే తిప్పలు. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను 1905లో మూడు సంపుటాలుగా తెచ్చారు. అంతకు ముందు ఏడాదే ఒంగోలు తాలూకా కొత్తగా పుట్టిన గుంటూరు జిల్లాకు వెళ్ళిపోయింది. దాని శాసనాలు మాత్రం నెల్లూరు సంపుటాల్లోనే ఉండిపోయాయి. కందుకూరు సంగతి చూడండి: 1970లో నెల్లూరు నుంచి విడిపోయింది, 2022లో మళ్ళీ వచ్చి కలిసింది. కాబట్టి వెతకడానికి కూర్చునే ముందు, మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లా, ఏ తాలూకా కింద ఉండేదో ఒక కాగితం మీద రాసుకోండి. పది నిమిషాల పని.

ఊళ్ళే కాదు, ఎద్దులూ పేరు మార్చుకుంటాయి. మన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో 'నెలోర్'. ఇంగ్లీషులో కొట్టేటప్పుడు ఒక్క 'ఎల్' చాలు. అలా వెతికితే పేపర్లు కుప్పలుగా వచ్చి పడతాయి. ఇక అక్కడి నుంచి ఏరుకోవడం మొదలు. ఆ కుప్పలో ఎక్కువ భాగం మాంసం కోసం పెంచే మందల గురించి. మీది జన్యువుల అంశమైతే పనికొస్తుంది. దుక్కి ఎద్దు మీద, చిన్న రైతు ఖర్చుల మీద అయితే చాలావరకు పక్కన పెట్టాల్సిందే.

అపోహ: గత ఐదేళ్ళ పేపర్లే వాడాలి.

గైడ్‌లు కూడా ఈ మాట అంటుంటారు, వాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. పాతదా కొత్తదా అన్నది ప్రశ్నను బట్టి తేలుతుంది. నెల్లూరు రొయ్యల సాగు మీద 1990ల నాటి పేపరు దొరికిందనుకోండి, అది టైగర్ రొయ్య గురించి. వెనామీ అనే వేరే రకం రొయ్య సాగుకు మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. ఆ పాత దిగుబడి లెక్కలు తెచ్చి వెనామీకి అంటిస్తే వైవాలో దొరికిపోతారు. అదే, ఉప్పునీటి చెరువులు పొలాలను ఏం చేశాయన్నది మీ అంశమైతే, 1996లో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద ఇచ్చిన తీర్పు చదవకుండా ముందుకు వెళ్ళలేరు. ఇంకో మాట: వెనామీ శాస్త్రీయ నామం కొన్ని పేపర్లలో పీనియస్, కొన్నింట్లో లిటోపినియస్. రెండూ కొట్టండి.

అపోహ: రిఫరెన్సులు ఎన్ని ఎక్కువ ఉంటే థీసిస్‌కు అంత బరువు.

ఒకసారి నాలుగు థీసిస్‌లు పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే పుస్తకానికి నాలుగింట్లోనూ ఒకే తప్పు పేజీ నంబరు. ఒక్కరూ ఆ పుస్తకం తెరవలేదన్నమాట. నేను పిల్లలతో చేయించేది ఒకటుంది. పేపరు సారాంశం అయ్యాక ముగింపుకు దూకకుండా, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని నమూనాలతో చేశారో చూడమంటాను. తర్వాత "ఇది నా ఏ ప్రశ్నకు పనికొస్తుంది?" అన్నదానికి ఒక్క వాక్యం రాయాలి. రాయలేకపోతే ఆ పేపరు వద్దు. నలభై తెచ్చుకుంటే పదిహేను మిగులుతాయి, ఏడుపు మొహం పెడతారు. ఆ పదిహేనింటి చివర ఉన్న రిఫరెన్సులు వెనక్కి, గూగుల్ స్కాలర్‌లో 'సైటెడ్ బై' (ఆ పేపరును తర్వాత ఎవరెవరు వాడారో చూపేది) నొక్కి ముందుకు వెళ్తే మళ్ళీ నలభై అవుతాయి. ఈసారి పనికొచ్చేవి.

అపోహ: వికీపీడియా ముట్టుకోకూడదు.

ముట్టుకోండి. కింద ఇచ్చిన ఆధారాలు తెరవండి. థీసిస్‌లో మాత్రం దాన్నే చూపించకండి.

అపోహ: పీర్ రివ్యూ (అదే రంగం నిపుణుల పరిశీలన) అయింది, యూజీసీ జాబితాలో ఉంది, ఇంకేం చూడాలి?

టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పేపరు వచ్చింది పేరున్న వైద్య జర్నల్ లాన్సెట్‌లోనే. చూసింది పన్నెండు మంది పిల్లల్ని. వెనక్కి తీసుకునేసరికి 2010 వచ్చింది. పేరు చూసి మోసపోవద్దు, పేపరు మీద 'రిట్రాక్టెడ్' అని ఉందేమో చూసుకోండి. ఇక నమ్మదగిన జర్నల్స్ అంటూ ఇచ్చిన యూజీసీ కేర్ జాబితా అంటారా, దాన్ని 2025లో యూజీసీయే ఆపేసింది.

అపోహ: ఏఐని అడిగితే రిఫరెన్సులు ఇచ్చేస్తుంది.

ఇస్తుంది, లేనివి కూడా! పేరు, సంవత్సరం, పేజీలు, అన్నీ ముచ్చటగా. డీఓఐ (పేపరుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) నంబరు కొట్టి అదే పేపరు తెరుచుకుంటుందో లేదో చూడండి. మంచి వెతుకుడు మాటలు చెప్పమని అడగడానికైతే బాగానే పనికొస్తుంది.

అపోహ: డబ్బు కడితేనే మంచి పేపర్లు.

ప్రభుత్వ సంస్థల్లో చదివేవాళ్ళకు 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద దాదాపు 13,000 జర్నల్స్ అందుబాటులోకి వచ్చాయి. మీ లైబ్రేరియన్‌ను లాగిన్ అడగండి. థీసిస్‌లకు, మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్ శోధ్‌గంగ ఎలాగూ ఉంది. ప్రైవేటు కాలేజీ పిల్లలు పేపరు రాసినవాళ్ళకే మెయిల్ పెట్టొచ్చు. మీరెవరు, మీ అంశమేంటి, ఏ పేపరు కావాలి, మూడు లైన్లు చాలు. చాలామంది పీడీఎఫ్ పంపిస్తారు. వారంలో రాకపోతే ఇంకోసారి రాయండి, పరీక్షల సమయమైతే వాళ్ళూ పేపర్లు దిద్దుకుంటూ ఉంటారు.