పటికబెల్లం దారం, తొడలో టైటానియం

"మా నాయనకు తొడ ఎముకలో టైటానియం రాడ్డు ఏసినారు. అది ఎముకకు కరుచుకుంటాదా, ఊరికే ఉంటాదా?" అని ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు. జవాబు లోహం లోపల దొరకదు. దాని మీద కొద్ది నానోమీటర్ల మందాన ఉండే ఆక్సైడు పొరలో ఉంది.

దారం పటికబెల్లం ఎలా కడతారో చూడండి. చిక్కటి పాకంలో దారాలు వేలాడదీసి, కదిలించకుండా రోజుల తరబడి వదిలేస్తారు. కరిగి ఉండగలిగిన దానికన్నా ఎక్కువ చక్కెర అందులో ఉన్నా, నడిమధ్యలో పలుకు పుట్టడం కష్టం. కొన్ని అణువులు గుమిగూడినా, గుంపు చిన్నదైతే పెరిగేలోపే విడిపోతుంది. దారం ఆసరా దొరికితే నిలదొక్కుకుంటుంది. కుండను కుదిపినా, దుమ్ము పడినా ఎక్కడపడితే అక్కడ సన్న పలుకులు పుట్టి, దారానికి చక్కెర మిగలదు.

మన రక్తమూ ఇలాంటి పాకమే. ఎముకలోని ఖనిజం అపటైట్. అది కట్టడానికి కావలసిన దానికన్నా ఎక్కువ కాల్షియం, ఫాస్ఫేటు రక్తంలో ఎప్పుడూ ఉంటాయి. అడ్డుపడే ప్రోటీన్లు ఉన్నాయి, ఆసరా లేదు, కాబట్టి రక్తంలో ఖనిజం పలుకు కట్టదు. అనంతపురం బోరు నీళ్ళలో హీటరు కాయిలుకు పట్టే తెల్ల పొర వేరు. అక్కడ ముఖ్యమైన పని వేడిది.

పాకం పోలిక ఒక్కచోట చాలదు. చక్కెర అణువుకు విద్యుదావేశం లేదు. కాల్షియం ధనావేశం, ఫాస్ఫేటు రుణావేశం. కాబట్టి ఇక్కడ దారానికి, అంటే టైటానియం ఉపరితలానికి, ఏ ఆవేశం ఉందన్నదే అసలు సంగతి. టైటానియం ఆక్సైడు మీది హైడ్రాక్సిల్ గుంపుల్లో (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటల్లో) కొన్ని, రక్తపు పీహెచ్ 7.4 దగ్గర, హైడ్రోజన్‌ను వదిలేసి రుణావేశం పొందుతాయి. ముందు కాల్షియం వచ్చి కూర్చుంటుంది. అది నిండేకొద్దీ ఉపరితలం ధనావేశానికి తిరుగుతుంది, అప్పుడు ఫాస్ఫేటు వస్తుంది. మొదట కుదురులేని కాల్షియం ఫాస్ఫేటు పొర, తర్వాత అదే సర్దుకుని అపటైట్ స్ఫటికాలు. ఒకసారి మొలకెత్తాక చుట్టూ ఉన్న ద్రవంలోని అయాన్లను లాక్కుని అవే పెరుగుతాయి.

మామూలు టైటానియం మీద ఈ గుంపులు చాలినన్ని ఉండవు. వాటిని పెంచడానికి జపాన్‌లో కొకుబో అనే శాస్త్రవేత్త బృందం 1996లో చెప్పిన పద్ధతి ఇది: 10 మోలార్ సోడియం హైడ్రాక్సైడులో (చిక్కటి కాస్టిక్ సోడా ద్రావణంలో) 60 డిగ్రీల దగ్గర 24 గంటలు నానబెట్టి, కడిగి, 600 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చాలి. సోడియం టైటనేట్ పొర ఏర్పడుతుంది. ద్రవంలో ముంచితే సోడియం బయటికి పోయి, ఆ చోట హైడ్రాక్సిల్ గుంపులు పుడతాయి. కాల్చకపోతే పొర మెత్తగా ఉండి గీకితే లేస్తుంది. మరీ ఎక్కువ కాలిస్తే అది స్ఫటికంగా గట్టిపడి అయాన్ల మార్పిడి మందగిస్తుంది.

రసాయన గుంపు ఒక్కటే మారితే ఏమవుతుంది? ఇది తేల్చడానికి శాస్త్రవేత్తలు బంగారం వాడారు. ప్రొద్దుటూరు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, బంగారం అంత సులువుగా దేనితోనూ కలవదు. కానీ గంధకాన్ని పట్టుకుంటుంది. గంధకం తోక ఉన్న అణువులను ఒక్క వరుసగా పరిచి, పై కొసన గుంపును మారుస్తూ పోయారు. అపటైట్ కట్టడంలో ఫాస్ఫేటు కొస అన్నిటికన్నా ముందు, తర్వాత కార్బాక్సిల్, వాటి వెనుక హైడ్రాక్సిల్, ఇంకా వెనుక అమైన్. మిథైల్ కొస మీద దాదాపు ఏమీ కట్టలేదు.

ఇలాంటి పరీక్షలకు వాడేది రక్తంలోని లవణాలను పోలిన కృత్రిమ శరీర ద్రవం: లీటరుకు కాల్షియం 2.5, ఫాస్ఫేటు 1 మిల్లీమోల్, 36.5 డిగ్రీలు, పీహెచ్ 7.40. తయారుచేసేటప్పుడు గాజు బీకరు వద్దు; గాజు గోడా, దాని మీది గీతలూ దారం పని చేస్తాయి. ప్లాస్టిక్ వాడాలి. ఒక లవణం పూర్తిగా కరిగాకే ఇంకోటి వేయాలి, కాల్షియం క్లోరైడును కొంచెం కొంచెంగా వేయాలి. పీహెచ్ అదుపు తప్పి పెరిగితే ద్రవం తెల్లబారుతుంది. దాన్ని పారబోసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. 100 చదరపు మిల్లీమీటర్ల ముక్కకు 10 మిల్లీలీటర్ల ద్రవం సరిపోతుంది. ముక్కను నిలువుగానో, పరీక్షించే ముఖం కిందికి ఉండేలాగో పెట్టాలి. లేకపోతే పైనుంచి రాలిన మడ్డిని చూసి, ముక్క మీదే ఖనిజం పుట్టిందని పొరబడతాం.

ఈ పరీక్షను అతిగా నమ్మకూడదు. ఆ ద్రవంలో ప్రోటీన్లు లేవు. ఒంట్లోనైతే క్షణాల్లో అవే ముందు అతుక్కుంటాయి. ఎముకలో ఖాళీలు నింపడానికి వాడే బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేటు ఈ పరీక్షలో తరచూ తప్పుతుంది, ఎముకలో మాత్రం చక్కగా కలిసిపోతుంది.

రాడ్డు వేసుకున్నాక వంకాయ, గుమ్మడికాయ మానాలంటారు. పై పొర రసాయనానికి వాటితో సంబంధమే లేదు. పట్టించుకోవాల్సింది బోరు నీళ్ళలోని ఫ్లోరైడును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు మన జిల్లాల్లో చాలా ఊళ్ళలో ఉన్నాయి. ఫ్లోరైడు అపటైట్‌లోని హైడ్రాక్సిల్ చోటులోకి దూరుతుంది. ఏళ్ళ తరబడి తాగితే ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తూనే పెళుసవుతుంది.

ఇక నాయన రాడ్డు సంగతి. విరిగిన ఎముక కలిసేదాకా పట్టి ఉంచడానికే దాన్ని వేస్తారు, కాబట్టి సాధారణంగా నున్నగానే ఉంచుతారు. ఎముక దాన్ని ఆనుకుని పెరుగుతుంది, కొంత పట్టుకుంటుంది కూడా. అందుకే ఏళ్ళ తర్వాత టైటానియం స్క్రూ తీయాలంటే ఒక్కోసారి దాని తల మీద పెరిగిన ఎముకను చెక్కాల్సి వస్తుంది. తుంటి మార్పిడిలో సిమెంటు లేకుండా తొడ ఎముకలోకి దించే కాడను మాత్రం జీవితాంతం ఉండాలనే గరుకుగా చేస్తారు, చాలావాటికి అపటైట్ పూత కూడా పూస్తారు.