పురావస్తు శాస్త్రవేత్త పని: తవ్వేది కొంత, రాసేది కొండంత

1871-73 మధ్య జర్మన్ వ్యాపారి హైన్రిచ్ ష్లీమన్ నేటి టర్కీలోని హిస్సార్లిక్ దిబ్బను నిలువునా చీలుస్తూ పెద్ద కందకం తవ్వించాడు. గ్రీకు కవి హోమర్ వర్ణించిన ట్రాయ్ నగరం బాగా లోతున ఉంటుందన్న నమ్మకంతో పై పొరలను అడ్డంకులుగా భావించి తొలగించుకుంటూ పోయాడు. 1873లో దొరికిన బంగారు నగలను ట్రాయ్ రాజు ప్రియమ్ నిధిగా ప్రకటించాడు గాని, అవి ట్రోజన్ యుద్ధానికి సంప్రదాయం చెప్పే కాలానికి దాదాపు వెయ్యేళ్లు ముందువని తరువాత తేలింది. ఆయన వెదికిన కాలపు ఆనవాళ్లు కొన్ని ఆయనే పారబోయించిన మట్టిలో కలిసిపోయాయి.

ప్రయోగశాలలో ప్రయోగం తప్పితే మళ్లీ చేయవచ్చు గాని, ఒకసారి తవ్విన పొరను మళ్లీ తవ్వడం సాధ్యం కాదు. తవ్వడమంటే ఆ పొరను ధ్వంసం చేయడమే కాబట్టి, అది ఎలా ఉండేదో చెప్పగలిగే ఆధారంగా శాస్త్రవేత్త రాసుకున్న నమోదు మాత్రమే మిగులుతుంది. ఈ వృత్తిలోని నియమాల్లో చాలావరకు ఈ ఒక్క ఇబ్బంది నుంచి పుట్టినవే.

అందువల్ల పార నేలను తాకే ముందే చాలా పని జరుగుతుంది. పాత పటాలు, భూమి రికార్డులు, గత నివేదికలు చదవాలి. నేలపై వరుసగా నడుస్తూ పైకి తేలిన కుండపెంకులను, రాతి పనిముట్లను గుర్తించి వాటి స్థానాలను పటంపై నమోదు చేయాలి. కాలిన మట్టికీ, పూడిన గుంటలకూ చుట్టుపక్కల నేల కంటే భిన్నమైన అయస్కాంత లక్షణాలు ఉంటాయి కాబట్టి మాగ్నెటోమీటరు వాటి జాడను పైనుంచే పట్టిస్తుంది. విమానం నుంచి లేజర్ కిరణాలు పంపే లైడార్ పద్ధతితో 2009లో మధ్య అమెరికాలోని బెలీజ్ అడవుల్లో ఉన్న, మాయా నాగరికతకు చెందిన కరాకోల్ నగరాన్ని చెట్టు కొట్టకుండానే సర్వే చేశారు.

తవ్వక తప్పనప్పుడు ఆ స్థలాన్ని చతురస్రాలుగా విభజించి, మధ్యలో తవ్వని గట్లు వదిలే పద్ధతిని బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ప్రచారంలోకి తెచ్చాడు. గట్టు పక్కతలంలో పొరల వరుస స్పష్టంగా కనిపిస్తుంది. నేడు చాలామంది గట్లు లేకుండా విశాలమైన స్థలాన్ని ఒకేసారి తెరుస్తున్నారు గాని, పొరను గుర్తించే విద్య మాత్రం మారలేదు. తాపీతో మట్టిని పలుచగా గీకుతూ, రంగులో, గట్టిదనంలో, ఇసుక పాలులో వచ్చే మార్పును చేతితో, కంటితో పట్టుకోవాలి. కింది పొర పాతది, పై పొర కొత్తది అన్న సూత్రం చెప్పడానికి సులువే. ఎలుక కలుగులు, చెట్ల వేర్లు, తరువాతి తరాలవారు తవ్వుకున్న చెత్తగుంటలు ఆ వరుసను చెడగొడుతుంటాయి. గుంట అంచును గమనించకపోతే, అందులో పడిన తరువాతి కాలపు నాణెం పాత ఇంటి నేలపై దొరికినట్లు నమోదై, ఆ ఇంటి వయసే మారిపోతుంది. ఇలాంటి పొరపాట్లను పట్టుకోవడానికి ప్రతి పొరకు, ప్రతి గుంటకు ఒక సంఖ్య ఇచ్చి, ఏది దేనికంటే ముందో చూపే పట్టికను గీస్తారు. ఆ పట్టిక పద్ధతిని ఎడ్వర్డ్ హారిస్ 1973లో రూపొందించాడు. తీసిన మట్టినీ వదలరు. దాన్ని జల్లెడ పట్టి పూసలను, చేప ఎముకలను ఏరుతారు. కొంత మట్టిని నీళ్లలో కలిపి, పైకి తేలే మాడిన గింజలను సన్నని జాలీతో పడతారు. ఆ కాలపువారు ఏం పండించారో, ఏం తిన్నారో చెప్పడంలో బంగారు నగ కంటే ఈ గింజలే మేలు.

కాలనిర్ణయంలోనూ తెలివిగా ఎంచుకోవడమే ముఖ్యం. 1940ల చివర విల్లార్డ్ లిబీ బృందం రూపొందించిన రేడియో కార్బన్ పద్ధతి దాదాపు 50,000 ఏళ్ల లోపు సేంద్రియ పదార్థాలకు వర్తిస్తుంది. అయితే అది చెప్పేది ఆ కణజాలం పెరగడం ఆగిన కాలాన్నే గాని, కట్టడం కట్టిన కాలాన్ని కాదు. మూడు వందల ఏళ్లు బతికిన చెట్టు నడిమి చేవ నుంచి వచ్చిన బొగ్గును పరీక్షిస్తే ఇల్లు మూడు శతాబ్దాలు వెనక్కి పోతుంది. అందుకే ఒకే ఏడాది పంటకు చెందిన గింజ దొరికితే దానికే ప్రాధాన్యమిస్తారు.

తవ్వకం కొన్ని వారాల్లో ముగిస్తే, కడగడం, సంఖ్యలు రాయడం, బొమ్మలు గీయడం, భద్రపరచడం, విశ్లేషించడం ఏళ్ల తరబడి సాగుతాయి. 1922లో బయటపడిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి నుంచి ఐదు వేలకు పైగా వస్తువులను నమోదు చేసి వెలికి తేవడానికి హోవర్డ్ కార్టర్ బృందానికి దాదాపు పదేళ్లు పట్టింది. అంత శ్రమించినా పూర్తి శాస్త్రీయ నివేదిక వెలువరించకుండానే ఆయన 1939లో మరణించాడు. ఆయన కార్డులు, పటాలు, ఛాయాచిత్రాలు ఆక్స్‌ఫర్డ్‌లోని గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నందువల్లనే ఆ పనిని ఇతరులు కొనసాగించగలుగుతున్నారు. నమోదూ నివేదికా రెండూ లేని తవ్వకానికీ, నిధుల వేటకూ ఫలితంలో పెద్ద తేడా లేదంటే కటువుగా తోచవచ్చు గాని, నా దృష్టిలో అది నిజం.

ఇక తవ్వే చోటును తానే ఎంచుకునే స్వేచ్ఛ నేడు చాలామందికి లేదు. రహదారులు, పైపులైన్లు, భవనాలు రాబోయే చోట ముందుగా పరిశీలించి, గడువులోగా నమోదు చేయడమే అనేక దేశాల్లో ఈ వృత్తికి ప్రధాన జీవనాధారం. ఐరోపాలో 1992 నాటి వాలెట్టా ఒప్పందం ఈ పనికి చట్టపరమైన బలాన్నిచ్చింది. మానవ అవశేషాలు బయటపడితే బాధ్యత మరింత పెరుగుతుంది. 1996లో అమెరికాలో దొరికిన కెనెవిక్ అస్థిపంజరంపై శాస్త్రవేత్తలకూ స్థానిక ఆదివాసీ తెగలకూ మధ్య ఏళ్ల తరబడి వివాదం నడిచింది. 2015లో డీఎన్‌ఏ పరీక్ష ఆ తెగల బంధుత్వాన్ని సమర్థించగా, 2017లో దాన్ని వారే తిరిగి ఖననం చేశారు. అమ్మకానికి వచ్చిన పురావస్తువులకు వెల కట్టకూడదన్నది మరో కచ్చితమైన నియమం; వెల పెరిగిన కొద్దీ దొంగ తవ్వకాలు పెరుగుతాయి.

అన్నిటికంటే కష్టమైన నిర్ణయం తవ్వకుండా ఆగడం. 1974లో చైనాలో బావి తవ్వుతున్న రైతులకు కనిపించిన మట్టి సైనికుల విగ్రహాలపై ఒకప్పుడు రంగులుండేవి. నేలలోంచి తీయగానే వాటి లక్క పూత ఎండి ముడుచుకుపోయి, రంగు నిమిషాల్లో రాలిపోయేది. తేమను నిలిపే రసాయనాలతో రంగును కాపాడే పద్ధతులు తరువాత గాని రాలేదు. ఆ సైన్యం ఎవరి కోసం నిలిచిందో ఆ చిన్ షి హువాంగ్ చక్రవర్తి సమాధి గదిని ఇంతవరకు తెరవలేదు. లోపలి వస్తువులను కాపాడే సాంకేతికత ఇంకా చాలదన్నది అందుకు చెప్పే ముఖ్య కారణాల్లో ఒకటి. ఈలోగా పరిశోధకులు సమాధిని తెరవకుండానే దానిపై ఉన్న దిబ్బ పైమట్టిలోని పాదరసాన్ని కొలిచి, కొన్ని చోట్ల అది అసాధారణంగా ఎక్కువగా ఉన్నట్లు గుర్తించారు.