తర్వాతి అప్‌డేట్ వచ్చేదాకా: విద్యుత్ కార్ల అదురు వెనుక కథ

విశాఖలో విద్యుత్ కారు నడిపేవాళ్లు సర్వీస్ సెంటర్‌కు వెళ్లి బండి అదురుతోందని చెబితే, ఎక్కువమందికి దొరికే జవాబు ఒకటే: "అప్‌డేట్ వస్తుంది సార్, అందులో సెట్ అయిపోద్ది." కొందరికి నిజంగానే సెట్ అవుతుంది. మిగిలినవాళ్లు నెలల తరబడి చూస్తారు. చివరికి అప్‌డేట్ వస్తే తెర మీద మెనూ మారుతుంది, మ్యాప్ రంగు మారుతుంది, అదురు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మళ్లీ అడిగితే తర్వాతి అప్‌డేట్ అంటారు. పదిహేను ఇరవై లక్షలు పెట్టి, అందులో సగానికి పైగా ఈఎంఐల్లో కడుతున్న మనిషికి ఈ జవాబు చాలదు. అలాగని అది పూర్తిగా అబద్ధమూ కాదు. అందుకే ఈ మాట ఎక్కడ పుట్టిందో, ఎంతవరకు నిజమో తెలుసుకోవాలి.

ఇంజినే లేని కారు ఎందుకు అదురుతుందన్నది చాలామందికి వచ్చే మొదటి సందేహం. పెట్రోల్ కారులో ఇంజిన్ కుదుపుల్ని చక్రాల దాకా పోనివ్వకుండా ఫ్లైవీల్ అనే బరువైన చక్రం, క్లచ్‌లోని స్ప్రింగులు చాలావరకు మింగేస్తాయి. విద్యుత్ కారులో క్లచ్ ఉండదు. మోటార్, దాని పక్కనే ఒకే ఒక్క గేరు, అక్కణ్నుంచి షాఫ్టులనే రెండు కడ్డీలు, చక్రాలు. అంతే. మోటార్ బలాన్ని ఆ గేరు సుమారు 8 నుంచి 10 రెట్లు పెంచి షాఫ్టుకు ఇస్తుంది. మనం పెడల్ తొక్కిన కొన్ని మిల్లీసెకన్లలోనే ఆ బలం వచ్చి పడుతుంది. తడి తువ్వాలు పిండినట్టు షాఫ్టు కొంచెం మెలితిరిగి, వెంటనే వెనక్కి విప్పుకుంటుంది. ఆ ఊగిసలాటనే మనం సీటులో కుదుపుగా పట్టేస్తాం.

గేరు పళ్ల మధ్య సన్నని సందు కూడా ఉంటుంది. సాయంత్రం హనుమంతవాక జంక్షన్‌లో బండ్ల వెనుక పాకుతూ వెళ్లేటప్పుడు దాని సంగతి బాగా తెలుస్తుంది. పెడల్ మీద నుంచి కాలు తీయగానే రీజెన్, అంటే కారు వేగాన్నే కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపే బ్రేకింగ్, పట్టుకుని కారు నెమ్మదిస్తుంది. అప్పుడు గేరు పళ్లు ఒకవైపు ఆనుకుని ఉంటాయి. ముందు ఆటో కదిలిందని మళ్లీ పెడల్ తాకితే, పళ్లు ఆ సందు దాటి రెండోవైపు తగులుతాయి. చిన్న 'టక్', వెంటనే ఒక కుదుపు. నడిపేవాడి కంటే పక్క సీటులో కూర్చున్నవాళ్లకే ఇది ఎక్కువ తెలుస్తుంది. స్టీరింగ్ పట్టుకున్న మనిషి తెలియకుండానే ఒంటిని సర్దుకుంటాడు మరి.

ఈ కుదుపును ఆపే పని మొదటినుంచీ సాఫ్ట్‌వేర్‌దే. మోటార్ వేగాన్ని కంట్రోలర్ (మోటార్‌ను నడిపే కంప్యూటర్) ఎప్పటికప్పుడు చూస్తూ, షాఫ్టు మెలికను ముందే అంచనా వేసి, బలాన్ని సరిగ్గా ఆ క్షణంలో తగ్గించి పెంచుతుంది. పళ్లు సందు దాటే చోట కాసేపు మెల్లగా వెళ్లనిస్తుంది. 2010 చివర్లో అమ్మకానికి వచ్చిన నిస్సాన్ లీఫ్‌లో ఈ అదుపు ఎలా సాధించారో ఆ కంపెనీ ఇంజినీర్లు మరుసటి ఏడాది సాంకేతిక పత్రంలో వివరించారు కూడా. అంటే విద్యుత్ కారు నున్నగా వెళ్తోందంటే అందులో సగం గొప్ప కోడ్‌దే. తక్కువ వేగంలో వచ్చే కుదుపుకు అప్‌డేట్ మందు అని చెప్పడంలో నిజం ఉన్నది ఇందుకే.

మరి కారుకు అప్‌డేట్ అనే అలవాటు ఎప్పుడు మొదలైంది? కార్లలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ పద్ధతిని బాష్ కంపెనీ 1986లో ప్రకటించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు, కారులోని ప్రోగ్రామ్ మార్చాలంటే వర్క్‌షాప్‌కు వెళ్లాల్సిందే. ఇప్పటికీ చాలా పనులకు అదే దారి. డ్యాష్‌బోర్డు కింద పోర్టుకు కేబుల్ పెట్టి, ల్యాప్‌టాప్ తగిలించి, 12 వోల్టుల చిన్న బ్యాటరీకి విడిగా చార్జర్ ఇచ్చి కూర్చుంటారు. మధ్యలో ఆ చిన్న బ్యాటరీ వోల్టేజీ పడిపోతే ప్రోగ్రామ్ ఎక్కిస్తున్న కంప్యూటర్ మాడ్యూల్ మొత్తం పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. అంత పెద్ద బ్యాటరీ ఉన్న కారును ఈ చిన్న బ్యాటరీ మొరాయించి ఆపేయడం మెకానిక్‌లకు కొత్తేమీ కాదు.

2012లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్ ఈ పద్ధతిని మార్చింది. ఇంట్లో ఆగి ఉన్న కారుకే అప్‌డేట్ కేబుల్ లేకుండా, ఇంటర్నెట్ ద్వారా గాలిలో వచ్చేది. అందరి మనసులో నాటుకున్న సంఘటన మాత్రం 2018 మే నెలది. టెస్లా మోడల్ 3ని పరీక్షించిన అమెరికా వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్, గంటకు 60 మైళ్ల వేగం నుంచి ఆగడానికి కారు 152 అడుగులు తీసుకుంటోందని తప్పుపట్టింది. వారం పది రోజుల్లోనే కంపెనీ బ్రేకుల లెక్కను మార్చి అప్‌డేట్ పంపింది. మళ్లీ కొలిస్తే దూరం దాదాపు 20 అడుగులు తగ్గింది. స్పానర్ పట్టకుండా బ్రేకు బాగుపడిందని ప్రపంచం ముక్కున వేలేసుకుంది. అక్కణ్నుంచి ప్రతి కంపెనీకీ అదే ధీమా: ఇప్పుడు అమ్మేద్దాం, తర్వాత దిద్దుకోవచ్చు. 2020లో యూరప్‌లో ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3ని కొన్ని ఫీచర్లు లేకుండానే మొదటి కొనుగోలుదారులకు అప్పగించారు. మిగతావి తర్వాత అన్నారు.

మన దగ్గరికి ఇది 2020 తర్వాత వచ్చింది. 2019లో విద్యుత్ వాహనాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. మరుసటి జనవరిలో టాటా నెక్సాన్ ఈవీ, ఎంజీ జడ్‌ఎస్ ఈవీ మార్కెట్లోకి వచ్చాయి. 2021 ఆగస్టు 15న ప్రకటించిన ఓలా స్కూటర్‌లో క్రూయిజ్ కంట్రోల్ 2022లో మూవ్ ఓఎస్ 2 అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాకే పనిచేసింది. మంచి ఉదాహరణా ఉంది: నెక్సాన్ ఈవీ మ్యాక్స్ సర్టిఫైడ్ రేంజ్ (ఒక్క చార్జ్‌తో వెళ్లే దూరం) 437 నుంచి 453 కిలోమీటర్లకు పెరిగినప్పుడు, 2023లో పాత యజమానులకూ ఆ పెంపును డీలర్ల దగ్గర సాఫ్ట్‌వేర్ రూపంలో ఇచ్చారు. కొన్న వస్తువు ఇంట్లో ఉండగానే మెరుగుపడటం మనవాళ్లకు కొత్త అనుభవం. ఆ నమ్మకమే ఇప్పుడు ఓపికగా మారి, ప్రతి లోపానికీ ఎదురుచూసేలా చేస్తోంది.

అప్‌డేటే కొత్త లోపం తెచ్చిన సందర్భమూ చెప్పాలి, ముఖ్యంగా ఘాట్ రోడ్లున్న మన ఊరివాళ్లకు. 2025లో అమెరికాలో వోల్వో కొన్ని కార్లను రీకాల్ చేసింది, అంటే లోపం దిద్దడానికి వెనక్కి పిలిచింది. ఒక సాఫ్ట్‌వేర్ వెర్షన్ వేసుకున్నాక, ఎక్కువ రీజెన్ ఇచ్చే మోడ్‌లో రెండు పెడళ్లూ తొక్కకుండా కనీసం 1 నిమిషం 40 సెకన్లు కిందికి దిగితే బ్రేకులు పోయే అవకాశం ఉందని తేలింది. అనంతగిరి ఘాట్ దిగడం ఎలా ఉంటుందో మనకు తెలుసు. దీనికి సంబంధం లేకుండానే, అరకులో బ్యాటరీ 100 శాతం నింపుకుని దిగితే ఏ కారులోనైనా రీజెన్ బాగా తగ్గిపోతుంది, కరెంటు దాచుకునే చోటు ఉండదు కాబట్టి. అది లోపం కాదు, కానీ తెలియనివాళ్లకు గుండె జారుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. అదురులన్నీ ఒకటి కావు. ఆనందపురం దాటి హైవే మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు టైరు సెకనుకు సుమారు 13 సార్లు తిరుగుతుంది. సరిగ్గా ఆ వేగంలోనే స్టీరింగ్ వణికి, 80కి రాగానే తగ్గిపోతే, చూడాల్సింది వీల్ బ్యాలెన్సింగ్, టైరు, రిమ్. గట్టిగా యాక్సిలరేట్ చేసినప్పుడు మాత్రమే కారు ముందు భాగం ఊగి, కాలు తీయగానే ఆగిపోతే అనుమానం షాఫ్టుల లోపలి జాయింట్ల మీద. టెస్లా మోడల్ ఎక్స్ యజమానులకు బాగా తెలిసిన అదురు ఇదే. అరిగిన జాయింటును ఏ కోడూ తిరిగి నింపలేదు. బలాన్ని తగ్గించి లక్షణాన్ని కప్పగలదు, అంతవరకే. తక్కువ వేగంలో, రీజెన్ నుంచి మళ్లీ తొక్కేటప్పుడు వచ్చే టక్కు ఒక్కటే నిజంగా అప్‌డేట్ కోసం ఆగదగినది.

ఈ మూడింటినీ విడదీయకుండా అందరినీ ఒకే మాటతో ఇంటికి పంపడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. వారంటీ గడియారం ఆగదు కదా! బ్యాటరీకీ మోటార్‌కూ సాధారణంగా 8 ఏళ్ల గడువు ఇస్తారు. షాఫ్టులు, మౌంట్లు, సస్పెన్షన్ మాత్రం మామూలు వారంటీ కిందికి వస్తాయి, అది చాలా చిన్నది. అప్‌డేట్ కోసం ఏడాది ఆగిన మనిషికి తర్వాత అది షాఫ్టు సమస్య అని తేలితే, పోయిన ఏడాదిని ఎవరు తిరిగిస్తారు?

చట్టం ఇక్కడ సగమే తోడు వస్తుంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 110ఏ సెక్షన్ కింద ప్రభుత్వం రీకాల్‌కు ఆదేశించగలదు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఏడేళ్ల లోపు వాహనాలకు ఇది వర్తిస్తుంది, జరిమానా కోటి రూపాయల దాకా ఉంది. కానీ ఆ సెక్షన్ చూసేది పర్యావరణానికో, ప్రాణానికో హాని చేసే లోపాన్ని. ఒళ్లు హూనం చేసే అదురు అందులో ఇమడటం కష్టం. సాఫ్ట్‌వేర్ మార్పులకు లెక్క ఉండాలనే ఐక్యరాజ్యసమితి నిబంధన 156ను 2020లో ఆమోదించారు. దానికి సాటిగా మన దగ్గర ఏఐఎస్ 190 అనే వాహన పరిశ్రమ ప్రమాణం రూపొందింది.

కాబట్టి ప్రస్తుతానికి యజమాని చేతిలో ఉన్న ఆయుధం జాబ్ కార్డే, అంటే బండి ఇచ్చేటప్పుడు సర్వీస్ సెంటర్‌లో ఫిర్యాదు రాసే కాగితం. ఏ వేగంలో, తొక్కినప్పుడా వదిలినప్పుడా, చార్జ్ ఎంత ఉన్నప్పుడు, ఏ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌లో అదిరిందో అందులో రాయించుకోవాలి. 'కస్టమర్ కంప్లైంట్: వైబ్రేషన్' అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టమంటే ఒప్పుకోవద్దు. బ్యాలెన్సింగ్, షాఫ్టులు చూశారా, ఏం తేలింది అన్నది కూడా అదే కాగితం మీద రావాలి. అప్‌డేట్ కోసం ఆగమంటే, ఏ లోపానికి ఆగమంటున్నారో అక్కడే రాసివ్వమనాలి. వారంటీ గడువులోనే ఫిర్యాదు నమోదైందని చూపే ఆ కాగితం, రేపు వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లాల్సి వచ్చినా పనికొస్తుంది.