సంగీతం టీచర్లకు శిక్షణ ఎందుకు? మా బరంపురం వైపు వినిపించే అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్న తెలుగు ఇళ్లలో కర్ణాటక సంగీతం చెప్పే టీచర్లం చాలామందే ఉన్నాం. ఎక్కువమంది ఇంటి ముందు గదిలో చాప పరిచి పాఠం చెప్పేవాళ్లమే. వేసవి సెలవుల్లో కొందరం కలిసి మాకు మేమే వర్క్‌షాప్ పెట్టుకుంటాం. ఆఖరి రోజు సాయంత్రం టీచర్ల కచేరీ ఉంటుంది. దానికి రమ్మని తోటి టీచర్లకు ఫోన్ చేసినప్పుడు కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. వాటికి ఫోన్లో పూర్తిగా జవాబు చెప్పడం కుదరదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "నేను డిప్లొమా చేశాను, నాకు వర్క్‌షాప్ ఎందుకమ్మా?"

డిప్లొమాలో మనకి పాడటం నేర్పారు. ఏడేళ్ల పిల్ల చేత పాడించడం వేరే విద్య. ఉదాహరణకి సరళీ వరుసలు (మొట్టమొదటి స్వర పాఠాలు) మాయామాళవగౌళ రాగంలోనే ఎందుకు మొదలుపెడతాం అని అడిగితే, మాలో చాలామంది "పురందరదాసు గారు అలా పెట్టారు" అని ఊరుకుంటారు. సంప్రదాయం చెప్పేది అదే, నిజమే. కానీ ఆ రాగం కట్టడి చూడండి. ఇది 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, 15వది. స-రి-గ-మ మధ్య ఎంతెంత దూరాలున్నాయో ప-ద-ని-స మధ్య కూడా సరిగ్గా అంతే ఉంటాయి. కింది సగం పట్టుబడిన పిల్లకి, పంచమాన్నే షడ్జం అనుకుని మళ్లీ అదే నడక పాడమంటే పై సగం చాలావరకు వచ్చేస్తుంది. ఈ సంగతి తెలిసిన టీచరు నిషాదం దగ్గర తడబడే పిల్లని తిట్టకుండా, గాంధారం దగ్గరికి తీసుకెళ్లి అక్కడి నుంచి దారి చూపిస్తుంది.

మూడు కాలాల (మూడు వేగాల) సంగతీ అంతే. రెండో కాలం అనగానే పిల్లలు తాళాన్నే పరిగెత్తిస్తారు. తాళం కదలకూడదు, తాళంలో ఒక్కో దెబ్బకి పడే స్వరాలు రెండు, నాలుగు అవ్వాలి. ఇది మనందరికీ తెలుసు, కానీ తెలిసి కూడా క్లాసులో పిల్లలతో పాటు మన చెయ్యీ పరిగెత్తేస్తుంది. ఒంటరిగా చెప్పుకునే టీచరుకి ఆ విషయం చెప్పేవాళ్లు ఉండరు. అందుకే మా వర్క్‌షాప్‌లో ప్రతి టీచరూ మిగతా టీచర్ల ముందు పది నిమిషాలు ఒక పిల్లకి పాఠం చెప్పాలి. చూసేవాళ్లు రెండే రాసుకుంటారు: పిల్ల ఎక్కడ ఆగింది, టీచరు ఎక్కడ ఆగకుండా వెళ్లిపోయింది. కొత్త కృతులు పంచుకోవడం ఆ తర్వాతి మాట. ఫీజు కట్టి రోజుకో కృతి చొప్పున నేర్చుకుని వచ్చే వర్క్‌షాప్‌లు చాలా ఉన్నాయి. అవి మన పుస్తకాన్ని పెంచుతాయి గానీ, మన క్లాసుని మార్చవు. నా అభిప్రాయంలో టీచర్ల శిక్షణలో సగానికి పైగా సమయం మొదటి రెండేళ్ల పాఠాలకే ఇవ్వాలి. పిల్లలు మానేసేది కూడా ఆ రెండేళ్లలోనే.

అపోహ: "బాగా పాడేవాళ్లు బాగా చెబుతారు."

కొందరు చెబుతారు. ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి వాటంతట అవే రావు. చిన్నప్పుడే గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) గొంతులో పడిపోయిన విద్వాంసుడికి అది రాని పిల్ల కష్టం ఏమిటో కనపడకపోవచ్చు.

అపోహ: "తెలుగు కృతులే కదా, మన తెలుగు పిల్లలకి ఉచ్చారణ వేరే నేర్పాలా?"

మా వైపు టీచర్లకి అన్నిటికన్నా ఎక్కువగా కావలసిన శిక్షణ ఇదే. బయటి ఊళ్ల నుంచి వచ్చి వర్క్‌షాప్ చేసేవాళ్లకి ఈ సమస్య ఉన్నట్టే తెలియదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇళ్లలో తెలుగు నిలిచింది. కానీ నా క్లాసులో చాలామంది పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. సాహిత్యాన్ని ఒడియా లిపిలో రాసుకుంటారు.

ఒడియా లిపిలో ఎ, ఏ లకి ఒకటే అక్షరం, ఒ, ఓ లకీ ఒకటే. "ఎందరో" అని రాసుకోవడానికి వీలే లేదు. కాగితం మీద అది "ఏందరో" అవుతుంది, పాటలోనూ అలాగే వస్తుంది. పలుకులో ఇంకో రెండు తేడాలున్నాయి. ఒడియాలో అకారం ఒకారం వైపు ఒరుగుతుంది, వకారం బకారం అవుతుంది. "మహానుభావులు" కాస్తా "మొహానుభాబులు" లాగా వినిపిస్తుంది. పైగా నేటి ఒడియా మాటలో ఇ, ఈ లకి, ఉ, ఊ లకి పలుకులో తేడా ఉండదు. శ, ష, స మూడూ దాదాపు ఒకటే. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. వాళ్ల చెవికి బడిలో రోజూ పడే భాష అది.

దీనికి మేం చేసే పని ఇది. ముందు సాహిత్యాన్ని రాగం లేకుండా మామూలు మాటలాగా చెప్పిస్తాం, అర్థం చెబుతాం. తర్వాత హ్రస్వానికి ఒక దెబ్బ, దీర్ఘానికి రెండు దెబ్బలు తొడ మీద వేయిస్తూ పలికిస్తాం. ఒడియా లిపిలో రాసుకునేవాళ్లు హ్రస్వ ఎ, ఒ ల మీద ఒక చుక్క పెట్టుకోవాలి. ఈ చుక్క పద్ధతి టీచర్లందరం ఒకేలా వాడాలని వర్క్‌షాప్‌లోనే అనుకున్నాం, లేకపోతే క్లాసు మారిన పిల్ల మళ్లీ మొదటికొస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మాత్రం నేను ఒప్పుకోను. మామూలు ఇంగ్లీషు అక్షరాల్లో ద, డ లకీ ల, ళ లకీ తేడా పోతుంది. ఒడియాలో ణ, ళ రెండూ ఉన్నాయి, బాగా పలుకుతారు కూడా. ఈ విషయంలో మా ఒడియా మీడియం పిల్లలు కొన్నిసార్లు హైదరాబాద్ ఇంగ్లీషు మీడియం పిల్లల కన్నా స్పష్టంగా పాడతారని సంతోషంగా చెప్పగలను.

అపోహ: "ఒడిస్సీ, హిందుస్తానీ వింటే మన బాణీ పాడైపోతుంది."

స్వరాలు అందరివీ. మన మోహనం స్వరాలే వాళ్ల భూపాలీవి, మన మాయామాళవగౌళ స్వరాలే వాళ్ల భైరవ్ థాట్‌వి (థాట్ అంటే వాళ్ల మూల రాగం). వేరయ్యేది గమకం, నడక. రెండూ పక్కపక్కన వింటే మన గమకం ఎక్కడుందో మనకే స్పష్టంగా తెలుస్తుంది. ఒకటే జాగ్రత్త: పేర్లు చూసి మోసపోకూడదు. మన హిందోళానికి దగ్గరిది మాల్కౌంస్, వాళ్ల హిందోల్ వేరే రాగం.

మాకు ఇంకో లాభం కూడా ఉంది. జయదేవుడి అష్టపదులు మన భజన సంప్రదాయంలోనూ ఉన్నాయి, జగన్నాథుడి సేవలోనూ ఉన్నాయి. ఒకే అష్టపదిని ఒక ఒడిస్సీ సంగీత గురువుగారు మర్దల (వాళ్ల మద్దెల) తోడుగా, మేము మృదంగం తోడుగా వరుసగా పాడుకుంటే టీచర్లు నేర్చుకునేది చాలా ఉంటుంది. గంజాం ప్రాంతపు ఒడియా కవి కవిసూర్య బలదేవ రథ్ చంపూ పాటలు క నుంచి క్ష దాకా అక్షరానికి ఒకటిగా నడుస్తాయి. ఒక్కో పాటలో ఆ అక్షరమే మళ్లీ మళ్లీ వస్తుంది. పలుకు సాధనకి ఇంత మంచి సామగ్రి మన పక్కింట్లో ఉంటే వాడుకోకపోవడం అన్యాయం.

అపోహ: "వరాళి నేరుగా నేర్పితే గురుశిష్యులకి పడదు."

త్యాగరాజ ఆరాధనకి ముందు ఏటా వచ్చే గొడవ ఇది. అక్కడ అందరూ కలిసి పాడే త్యాగరాజ పంచరత్న కృతుల్లో నాట, గౌళ, ఆరభి, శ్రీ గట్టిగా వినిపిస్తాయి. వరాళి వచ్చేసరికి సగం గొంతులు తగ్గిపోతాయి, ఎందుకంటే ఎవరూ ఎవరికీ నేర్పలేదు. వరాళి 39వ మేళమైన ఝాలవరాళికి చెందింది. శుద్ధ రిషభం, శుద్ధ గాంధారం పక్కపక్కనే ఉంటాయి, ప్రతిమధ్యమం పంచమానికి బాగా దగ్గరగా పలుకుతుంది. వినికిడి గట్టిపడకుండా పాడితే అపశ్రుతి ఖాయం. పాఠంలో గురువుకీ శిష్యుడికీ ఇద్దరికీ విసుగు పుట్టించగల రాగమే. అయితే కష్టమైన రాగానికి మందు ఎక్కువ సాధన, తక్కువ సాధన కాదు. ఇలా స్వరాలు మరీ పక్కపక్కన పడే వివాది మేళాలన్నీ అరిష్టమనే మాటా వింటుంటాం. 72లో 40 మేళాలు వివాదివే, వాటిని పక్కన పెడితే సగానికి పైగా పోతాయి. నమ్మకం ఉన్న పెద్దల్ని మేం బలవంతపెట్టం. వాళ్లు వెనక కూర్చుని విని, తర్వాత గొంతు కలుపుతారు. మిగతావాళ్లం పల్లవి నుంచి ముక్క ముక్కగా నేర్చుకుంటాం.

అపోహ: "మిరియాల పాలు తాగితే గొంతు సర్దుకుంటుంది, లేదంటే గుసగుసగా చెబితే సరి."

మనం మింగేది అన్నవాహికలోకి వెళ్తుంది, స్వరతంత్రుల మీద పడదు. వేడి పాలు గొంతుకి హాయినిస్తాయి, అంతవరకే. నీళ్లు రోజంతా కొద్దికొద్దిగా తాగితే ఒంటికి పట్టి స్వరతంత్రులు తడిగా ఉంటాయి. గుసగుస విశ్రాంతి కాదు, చాలామందికి అది ఇంకా శ్రమ. మాటిమాటికీ ఖంగుమని గొంతు సవరించుకోవడమూ రాపిడే. ఆడవాళ్లు సాధారణంగా పాడే అయిదున్నర శ్రుతిలో తారషడ్జం (పై స) నిలిపితే స్వరతంత్రులు సెకనుకి దాదాపు 415 సార్లు కొట్టుకుంటాయి. సాయంత్రం నాలుగు బ్యాచ్‌లకీ పిల్లలతో పాటు మనమూ ప్రతి వరుసా పాడితే ఎంత పని పడుతుందో ఆలోచించండి. అందరికన్నా ఎక్కువగా గొంతు సమస్యలు వచ్చే వృత్తుల్లో టీచరు వృత్తి ఒకటి. ఒకసారి పాడి వినిపించండి, తర్వాత తాళం వేస్తూ వినండి. తప్పు వచ్చిన చోటే మళ్లీ పాడండి. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోవాల్సిందే. "సంగీతం టీచరుకి ఇది మామూలే" అని ఊరుకోవద్దు.

దీనికి అంటుకునే ఇంకో మాట: మగపిల్లాడి గొంతు మారుతుంటే రెండేళ్లు సంగీతం మాన్పించేయాలని తల్లిదండ్రులు అంటారు, టీచర్లూ తలూపుతారు. ఆ వయసులో స్వరపేటిక పెరిగి గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. మాన్పించనక్కర్లేదు. శ్రుతి తగ్గించి, పై స్థాయికి లాగకుండా, హాయిగా పలికే నాలుగైదు స్వరాల్లో పాడిస్తూ లయ, స్వరజ్ఞానం మీద పని చేయించవచ్చు. మాన్పించిన పిల్లలు తిరిగి రావడం నేను చాలా తక్కువ చూశాను. టీచరు శ్రుతిలోనే అందరూ పాడాలన్న పట్టుదల వదులుకుంటే ఈ సమస్య సగం తీరుతుంది.

అపోహ: "టీచర్ల కచేరీ అంటే గొప్ప చూపించుకోవడం. పైగా మూడు గంటలు పాడలేం."

మూడు గంటలు ఎవరు పాడమన్నారు? వర్ణంతో మొదలై, కృతులు, ఒక పెద్ద రాగం, చివర తుక్కడాలు (చిన్న పాటలు) అనే ఈ కచేరీ పద్ధతే 20వ శతాబ్దంలో అరియక్కుడి రామానుజ అయ్యంగార్ గారి వల్ల స్థిరపడిందని చెబుతారు. అవసరాన్ని బట్టి రూపు దిద్దుకున్నదాన్ని మన అవసరానికి తగ్గట్టు కుదించుకోవచ్చు. మా కచేరీలో ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. ఒక వర్ణం రెండు కాలాల్లో, లేదా ఒక కృతికి చిన్న ఆలాపన, నాలుగు ఆవర్తాల స్వరకల్పన. పక్క వాద్యాలు తప్పనిసరి. ఏళ్ల తరబడి శ్రుతి పెట్టెతో మాత్రమే పాడిన టీచరుకి, మృదంగం పక్కన కూర్చుంటే తన కాలప్రమాణం ఎక్కడ జారుతుందో మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. స్టేజీ టెన్షన్ అంటే ఏమిటో గుర్తొస్తుంది కూడా. వార్షికోత్సవంలో గొంతు వణికిన పిల్ల దగ్గరికి వెళ్లి ఏం చెప్పాలో అప్పుడు వెతుక్కోనక్కర్లేదు. ముందు వరుసలో పిల్లల్నే కూర్చోబెడతాం. తమ టీచరు తప్పు పాడి, ఆగకుండా తాళం అందుకుని ముందుకు వెళ్లడం వాళ్లు చూడాలి.

అపోహ: "మంచి శిక్షణ కావాలంటే చెన్నైయే వెళ్లాలి."

చెన్నై వెళ్లగలిగితే వెళ్లండి. మనకి దగ్గర్లో విజయనగరం ఉంది. అక్కడి సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా మొదలైంది, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నడిపారు. బళ్లలో పనిచేసేవాళ్లకి కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శిక్షణ సంస్థ సీసీఆర్‌టీ హైదరాబాద్ కేంద్రం శిక్షణలు ఉంటాయి, మీ హెడ్‌మాస్టారు ద్వారా కనుక్కోండి. పిల్లలకి పెద్ద విద్వాంసుల్ని వినిపించాలంటే 1977 నుంచి విద్యాసంస్థల్లో కచేరీలు చేయిస్తున్న స్పిక్ మెకే అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. ఆన్‌లైన్ క్లాసు కూడా పనికొస్తుంది, కానీ అందులో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడటం, తాళం కలపడం కుదరదు. ఒకరు పాడి ఒకరు అనుసరించే పాఠానికే అది సరిపోతుంది.

ఏ వర్క్‌షాప్‌కైనా ఫీజు కట్టే ముందు నిర్వాహకుల్ని ఈ మూడూ అడగండి: నేను పాఠం చెప్పి చూపించే సమయం ఉందా, నా పాఠం గురించి ఎవరైనా రాసి ఇస్తారా, ఆరు నెలల తర్వాత మళ్లీ కలుస్తారా. మూడింటికీ లేదన్నారంటే, అక్కడ మీకు దొరికేది సర్టిఫికెట్ మాత్రమే. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు టీచర్లు ఎవరైనా కలిసి ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే అయిదుగురు చాలు. ఒక గది, ఒక తంబురా, పాఠం చెప్పించుకోవడానికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉంటే మొదటి రోజు గడిచిపోతుంది.