పసిపిల్లల తల, మెడ కణితులు: పేరు తేలడానికే దశాబ్దాలు

పసిపిల్లల మెడలో గడ్డ కనిపిస్తే చాలావరకు అది జలుబుకో గొంతు నొప్పికో వాచిన లింఫ్ గ్రంథే. చెవిలో చీము కారితే ఇన్ఫెక్షన్, ముక్కు మూసుకుపోతే అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కణజాలం) వాపు. డాక్టర్ మొదట అలాగే అనుకుంటారు, అందులో తప్పేం లేదు. కానీ రాబ్డోమయోసార్కోమా అనే అరుదైన కండర జాతి క్యాన్సర్ కూడా ఒక్కోసారి ఈ లక్షణాలతోనే మొదలవుతుంది. మందులు వాడినా చీము ఆగకపోతేనో, ముఖం ఒకవైపు వంకరపోతేనో అప్పుడు అనుమానం వస్తుంది.

బయాప్సీ చేస్తే, అంటే గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే, విషయం తేలిపోతుందనుకుంటాం. చాలాకాలం అలా తేలలేదు. రాబ్డోమయోసార్కోమా, ఈవింగ్ సార్కోమా, న్యూరోబ్లాస్టోమా, లింఫోమా వంటి వేర్వేరు క్యాన్సర్లలో ఏదైనా సరే, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే చిన్న చిన్న గుండ్రటి నీలి కణాలే. చికిత్సలు మాత్రం వేర్వేరు.

ఈ గందరగోళం ఎంత దూరం వెళ్లిందో, ఇప్పుడు మెలనోటిక్ న్యూరోఎక్టోడర్మల్ ట్యూమర్ అని పిలిచే ఒక కణితి కథ చెబుతుంది. ఎక్కువగా ఏడాదిలోపు పిల్లలకు, పై దవడలో నల్లటి వాపుగా వస్తుంది. 1918లో హంగరీ పాథాలజిస్ట్ (కణజాలాన్ని పరీక్షించే వైద్యుడు) క్రోంపెకర్ దాన్ని పుట్టుకతో వచ్చిన మెలనోకార్సినోమాగా, అంటే నల్ల రంగు పదార్థం ఉన్న క్యాన్సర్‌గా వర్ణించాడు. వినగానే గుండె జారే పేరు. తర్వాత కొందరు అది దంతాల మూలకణజాలం నుంచి పుట్టిందన్నారు, ఇంకొందరు రెటీనా నుంచి అన్నారు. 1966లో బోరెల్లో, గార్లిన్ ఒక బిడ్డ మూత్రంలో నాడీ సంబంధిత కణితుల్లో కనిపించే వీఎంఏ అనే రసాయనం ఎక్కువగా ఉందని గుర్తించారు. ఆపరేషన్ తర్వాత అది తగ్గింది. అలా దాని మూలం పిండదశలోని నాడీ కణాలని తేలింది. వేగంగా పెరిగినా, కొన్నిసార్లు తిరిగి వచ్చినా, ఎక్కువ శాతం అది ప్రాణాంతకం కాదు. పేరు తప్పైతే చికిత్స కూడా అనవసరంగా తీవ్రమయ్యే ప్రమాదం ఉంటుంది.

ఏ ఒక్క ఆసుపత్రికీ తగినన్ని కేసులు రాకపోవడం మరో ఇబ్బంది. అందుకే 1972లో అమెరికాలో రాబ్డోమయోసార్కోమాపై పలు కేంద్రాలు కలిసి అధ్యయనం మొదలుపెట్టాయి. అదే దశకంలో వచ్చిన సీటీ స్కాన్ కణితి ఎంతవరకు పాకిందో చూపించింది, కానీ అదేమిటో చెప్పలేకపోయింది. ఆ పని 1975 నాటి మోనోక్లోనల్ యాంటీబాడీల (ఒక నిర్దిష్ట ప్రొటీన్‌నే పట్టుకునే అణువుల) తర్వాత తేలికైంది. కణంలో డెస్మిన్, మయోజెనిన్ ప్రొటీన్లు కనిపిస్తే కండర జాతి కణితి అని చెప్పగలిగారు. 1990లలో జన్యువుల అతుకులు, అంటే రెండు వేర్వేరు జన్యువుల ముక్కలు కలిసిపోవడం, బయటపడ్డాయి. పాక్స్3-ఫాక్సో1 అతుకు ఉన్న రాబ్డోమయోసార్కోమా మరింత మొండిది.

1998లో శిశువుల ఫైబ్రోసార్కోమా అనే మరో కణితిలో గుర్తించిన ఎన్‌టీఆర్‌కే3 అతుకుకైతే మందే దొరికింది. ఎన్‌టీఆర్‌కే అతుకులున్న కణితులకు లారోట్రెక్టినిబ్‌ను అమెరికా 2018లో అనుమతించింది.

అయితే ఈ పరీక్షలన్నిటికీ కణజాలం కావాలి. కంటి వెనకో, పుర్రె అడుగునో ఉన్న కణితి నుంచి దొరికేది చిన్న ముక్క. అది చాలకపోతే పసిబిడ్డకు మళ్లీ మత్తు ఇవ్వాలి. అందుకే బయాప్సీకి ముందే సర్జన్, రేడియాలజిస్ట్, పాథాలజిస్ట్ కూర్చుని ఎక్కడి నుంచి, ఎంత తీయాలో, ఏ పరీక్షకు ఎంత పంపాలో మాట్లాడుకోవాల్సి వస్తోంది.