విస్తట్లో పడ్డ లడ్డు ఎవరిది?

చిరంజీవులిద్దరికీ,

తాతయ్య ఆశీస్సులు. మీ పరీక్షలు అయిపోయాయని అమ్మ ఫోన్‌లో చెప్పింది. అందుకే ఈసారి కాస్త పెద్ద ఉత్తరం రాస్తున్నాను. ఓపిక లేకపోతే రెండు రోజులు చదువుకోండి.

మొన్న పెళ్లి భోజనాల్లో మీ ఇద్దరి తగవు గుర్తుందా? తమ్ముడు విస్తట్లో లడ్డూని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. అక్క చూసేసింది. "తినమని వడ్డించారు గానీ ఇంటికి పట్టుకెళ్లమని కాదు" అంది. "నా విస్తట్లో పడ్డాక నాదే" అన్నాడు వాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏళ్ల తరబడి క్లాసులో చెప్పిన పాఠం ఒకటి గుర్తొచ్చింది. దాదాపు ఇదే తగవు ఏడు వందల ఏళ్ల కిందట యూరప్‌లో పోపుకీ సన్యాసులకీ మధ్య వచ్చింది. అక్కడ ఎవరూ నవ్వలేదు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు, కొందరు రాత్రికి రాత్రి పారిపోయారు.

కథ అస్సీసీలో మొదలవుతుంది. ఇటలీలో కొండవాలున ఉన్న ఊరు. అక్కడ బట్టల వ్యాపారి కొడుకు ఫ్రాన్సిస్. ఉన్నదంతా వదిలేస్తానని, ఒంటి మీది బట్టలు కూడా బిషప్ ఎదుటే విప్పి తండ్రికి ఇచ్చేశాడు. ఆయన వెంట నడిచినవాళ్లే ఫ్రాన్సిస్కన్లు. 1223లో పోపు ఆమోదించిన వాళ్ల నియమావళి చాలా కఠినం. డబ్బు పుచ్చుకోకూడదు. ఇల్లు గానీ స్థలం గానీ మరే వస్తువు గానీ సొంతం చేసుకోకూడదు. ఎందుకంటే యేసూ ఆయన శిష్యులూ అలాగే బతికారని వాళ్ల నమ్మకం.

పదిమంది ఉన్నప్పుడు ఇది నడుస్తుంది. ఫ్రాన్సిస్ 1226లో పోయాక కొన్నేళ్లకే వాళ్లు వేలమంది అయ్యారు. పారిస్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పే పండితులయ్యారు. పండితుడికి పుస్తకాలు కావాలి. పుస్తకాలకు పైకప్పు కావాలి. మరి ఏదీ సొంతం కాకూడదే! దీనికి మూడో నికొలస్ అనే పోపు 1279లో ఇచ్చిన శాసనంలో ఒక ఉపాయం ఉంది. వస్తువులన్నీ రోము చర్చివి, సన్యాసులు వాడుకుంటారంతే. మన భాషలో చెప్పాలంటే బినామీ. అనుభవించేది ఒకరు, పట్టా ఇంకొకరి పేరు మీద. కాకపోతే ఇందులో దాపరికం లేదు, అంతా లోకానికి తెలిసే జరిగింది.

ఆ ఏర్పాటు నలభై ఏళ్లకు పైగా నడిచింది. 1316లో ఇరవై రెండో జాన్ పోపు అయ్యాడు. అప్పటికి పోపుల నివాసం రోము కాదు, ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న అవిన్యోన్. రెండేళ్లు తేలక తేలక చివరికి కార్డినళ్లు, అంటే పోపుని ఎన్నుకునే చర్చి పెద్దలు, ఈయన్ని ఎన్నుకున్నారు. డెబ్భై దాటిన మనిషి, ఎన్నాళ్లుంటాడులే అనుకున్నారేమో. పద్దెనిమిదేళ్లు ఉన్నాడు! లెక్కల్లో గట్టివాడు, న్యాయశాస్త్రం తెలిసినవాడు, మొండివాడు. పేదరికం గొప్పదే కానీ విధేయత అంతకంటే గొప్పది అన్నాడు. ఆ మాట వినని ఫ్రాన్సిస్కన్లు నలుగురిని 1318లో మార్సేలో సజీవంగా కాల్చారు. వాళ్ల మొండితనం దేని గురించో తెలుసా? అంగీ పొట్టిగా ఉండాలని, మఠంలో ధాన్యం నిల్వ చేయకూడదని.

తర్వాత ఆయన అసలు బినామీ మీదే పడ్డాడు. 1322లో శాసనం ఇచ్చాడు. గుడ్డు, జున్ను, రొట్టెముక్క, ఇవి వాడుకోవడమంటే తినేయడమే కదా. తినేసిన తర్వాత ఏముందని చర్చి దానికి యజమాని అవుతుంది? వాడకం ఒకరిది, హక్కు ఇంకొకరిది అనడం ఇల్లు విషయంలో కుదురుతుంది. గుడ్డు విషయంలో ఎలా కుదురుతుంది? పైగా ఈ ఏర్పాటు వల్ల చర్చికి దక్కింది కోర్టు తలనొప్పులే, సన్యాసులు అణా కూడా పేదవాళ్లు కాలేదు. ఇక మీ ఆస్తి మీరే ఉంచుకోండి అన్నాడు. నిజం చెప్పొద్దూ, గుడ్డు దగ్గర నాకూ పోపు మాటే సబబనిపిస్తుంది. లాయరు బుర్ర అది.

సన్యాసులూ తక్కువ తినలేదు. బొనగ్రాతియా అనే వాళ్ల న్యాయవాది ఒక జవాబు చెప్పాడు. గుర్రం దాణా తింటుంది. ఆ దాణాకి గుర్రం యజమాని అవుతుందా? కాదు కదా. తినడం వేరు, సొంతం కావడం వేరు. వాదన బాగుంది గానీ మనిషిని గుర్రంతో పోల్చుకోవాల్సి వచ్చింది పాపం.

1323లో పోపు చివరి దెబ్బ కొట్టాడు. యేసుకీ శిష్యులకీ సొంతమంటూ ఏమీ లేదని పట్టుబట్టి వాదించడం మతద్రోహం అన్నాడు. సువార్తలో యేసు శిష్యుడు యూదా దగ్గర డబ్బు సంచి ఉండేదని ఉంది కదా, సంచి ఉందంటే ఆస్తి ఉన్నట్టే అనేది పోపు పక్షం వాదనల్లో ఒకటి. తర్వాత 1329లో ఇంకా వెనక్కి వెళ్లాడు. ఈవ పుట్టకముందే ఆదాముకి లోకం మీద యాజమాన్యం ఉందని, కాబట్టి సొంత ఆస్తి దేవుడు ఇచ్చిందే, మనుషులు కల్పించింది కాదని అన్నాడు. ఆస్తి దేవుడిచ్చిందా, మనుషుల చట్టమా? ఇంత పెద్ద ప్రశ్న ఒక గుడ్డు పగిలి బయటికొచ్చింది.

ఇప్పుడు నాకు ఇష్టమైన మనిషి వస్తున్నాడు. ఇంగ్లండులో ఓకమ్ అనే ఊళ్లో పుట్టిన విలియం. ఊరి పేరే ఆయన పేరయింది. ఆక్స్‌ఫర్డ్‌లో తర్కం చదివి చెప్పిన ఫ్రాన్సిస్కన్. తన రాతల్లో తప్పులున్నాయన్న ఫిర్యాదు మీద 1324లో అవిన్యోన్‌కు రమ్మన్నారు. అక్కడ విచారణ సాగుతూ నాలుగేళ్లు గడిచాయి. ఈ మాట ఆయన తర్వాత ఒక ఉత్తరంలో తానే రాసుకున్నాడు: పోపు శాసనాలను ఆ నాలుగేళ్లూ తాను చదవనే లేదట. అంతటి పదవిలో ఉన్న మనిషి తప్పు చేశాడని తొందరపడి నమ్మడం ఇష్టం లేక! 1328లో ఫ్రాన్సిస్కన్ల పెద్ద, చెసేనా మైకేల్, చదవమని ఆజ్ఞాపించాడు. చదివాడు. పోపే మతద్రోహి అనే నిర్ణయానికి వచ్చాడు. మే 26 రాత్రి మైకేల్, ఓకమ్, గుర్రం వాదన చెప్పిన బొనగ్రాతియా, ఇంకో సహచరుడు అవిన్యోన్ నుంచి పారిపోయి ఓడెక్కారు. ఇటలీ చేరి, పోపుకి బద్ధశత్రువైన బవేరియా లూయీ చక్రవర్తి పంచన చేరారు. "నన్ను కత్తితో కాపాడు, నిన్ను కలంతో కాపాడతాను" అని ఓకమ్ అన్నాడని చెప్పుకుంటారు గానీ అది కట్టుకథ. బాగుంది కాబట్టి బతికింది.

ఓకమ్ పేరు మీరు సైన్సు వీడియోల్లో వినే ఉంటారు. అవసరం లేకుండా కారణాలు పెంచకు అనే సూత్రాన్ని ఓకమ్ కత్తి అంటారు. ఆ సూత్రానికి బాగా ప్రచారమైన వాక్యం ఆయన పుస్తకాల్లో లేదు, అర్థం మాత్రం ఆయనదే. దాని వెనక ఇంకో ఆలోచన ఉంది. లోకంలో ఉన్నవి ఈ గుర్రం, ఆ గుర్రం. "అశ్వత్వం", అంటే గుర్రాలన్నిటికీ ఉమ్మడి అనుకునే గుర్రంతనం, అనేది వాటిని దాటి బయట ఎక్కడా లేదు, మన మనసులో ఒక గుర్తు మాత్రమే. ఇది గాలి మాటలా కనిపిస్తుంది కానీ తగవులో పనికొచ్చింది. సన్యాసుల సంఘం అనేది ఊహించుకున్న వ్యక్తి, ఊహ ఎలా తింటుంది అన్నాడు పోపు. ఊహ కాదు, సంఘమంటే నిజంగా ఉన్న మనుషులే అన్నాడు ఓకమ్.

ఇక లడ్డు దగ్గరికి వద్దాం. పోపు వాదనకు జవాబుగా ఓకమ్ ఒక పెద్ద పుస్తకం రాశాడు. పేరు "తొంభై రోజుల పని". అన్ని రోజుల్లోనే రాశానని చెప్పుకున్నాడు. అందులో "హక్కు" అంటే ఏమిటో విడదీశాడు. వాడుకునే హక్కు అంటే, నా తప్పు లేకుండా, సరైన కారణం లేకుండా, నాకిష్టం లేకుండా నా నుంచి తీసేయకూడనిది. తీసేస్తే కోర్టుకు వెళ్లగలిగేది. ఇది చట్టంతో వచ్చే హక్కు. ఒక ధనవంతుడు పేదవాళ్లను విందుకు పిలిచాడనుకోండి. ముందు పెట్టింది తినడంలో వాళ్ల తప్పేమీ లేదు. కానీ అతను మనసు మార్చుకుని కంచం లాగేస్తే కోర్టుకెక్కలేరు. సన్యాసుల బతుకు అలాంటి అతిథి బతుకు. కోర్టుకెళ్లే హక్కునే వదులుకున్నారు, తినడాన్ని కాదు. ప్రాణం నిలుపుకోవడానికి కావలసింది వాడుకోవడం ప్రకృతి ఇచ్చింది, దాన్ని వదులుకోవాలన్నా ఎవరికీ కుదరదు. కాబట్టి అక్కా, నీ వాదన ఓకమ్ వాదన. తమ్ముడూ, నీది పోపు వాదన. సంతోషమేనా?

మనిషికి పుట్టుకతో హక్కులుంటాయనే ఆలోచన ఓకమ్‌తోనే మొదలైందని కొందరు చరిత్రకారులంటారు. కాదు, అంతకు ముందే పన్నెండో శతాబ్దపు చర్చి న్యాయవేత్తల రాతల్లో మొలకలున్నాయని ఇంకొందరు. నాకు రెండో మాటే నిజమనిపిస్తుంది. ఏ ఆలోచనా ఒక్క తలలోంచి ఊడిపడదు.

ఇంకో చిత్రం చూడండి. పోపు మాటకు తిరుగు లేదని గట్టిగా వాదించింది ఈ గొడవలో పోపు కాదు, ఆయన శత్రువులే! 1279లో ఒక పోపు విశ్వాసం విషయంలో తేల్చింది తర్వాతి పోపు రద్దు చేయకూడదన్నారు. అలాగైతే నా చేతులు కట్టేసినట్టేగా, అని జాన్ ఒప్పుకోలేదు. ఆయన 1331లో, పుణ్యాత్ములు తుది తీర్పు రోజు దాకా దేవుణ్ణి కళ్లారా చూడలేరని ప్రసంగించి మరో దుమారం లేపాడు. 1334లో మరణశయ్య మీద ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. ఓకమ్‌కి ఇంతకంటే ఏం కావాలి? పోపు పొరబడగలడు, చర్చి పెద్దలంతా కూడే మహాసభ కూడా పొరబడగలదు, చివరికి నిజమైన విశ్వాసం ఒక్క మనిషిలోనే మిగలొచ్చు అన్నాడు. అందరికీ సంబంధించిన విషయం అందరూ తేల్చాలి కాబట్టి, విశ్వాసం గురించిన సభలో అవసరమైతే ఆడవాళ్లకూ చోటుండాలని వాదించాడు. ఆ కాలానికి అది ఎంత పెద్ద మాటో ఆలోచించండి.

అదే చక్రవర్తి కొలువులో ఇంకొకాయన ఉండేవాడు, పాడువా మార్సిలియస్. వైద్యం చదివినవాడు, 1313లో పారిస్ విశ్వవిద్యాలయానికి రెక్టారు, అంటే అధిపతి. 1324లో "శాంతి రక్షకుడు" అనే పుస్తకం పేరు వేసుకోకుండా రాశాడు. రాసింది ఎవరో రెండేళ్లలో బయటపడింది, ఆయనా పారిపోయాడు. చట్టం చేసేది పౌరుల సమూహం, లేదా అందులో బరువైన భాగం అన్నది ఆయన మాట. తాము కట్టుబడాల్సిన చట్టాన్ని తామే చేసుకుంటే జనం బాగా పాటిస్తారని ఆయన లెక్క. పూజారి వైద్యుడి లాంటివాడట. ఇది తింటే చస్తావు అని చెప్పగలడు గానీ బలవంతంగా నోరు మూయించలేడు. శిక్షించే అధికారం రాజ్యానిదే. ఇది చదివి ప్రజాస్వామ్యం వచ్చేసిందని గంతులేయకండి. ఆయన లెక్కలో పౌరులంటే ఆడవాళ్లు, పిల్లలు, బానిసలు, పరదేశులు కారు. బరువైన భాగమంటే తలకాయల లెక్క ఒక్కటే కాదు, హోదా కూడా.

ఈ పుస్తకం అమలైతే ఎలా ఉంటుందో 1328లో రోములో కనిపించింది. జనవరిలో లూయీకి పోపు లేకుండానే, రోము ప్రజల తరఫున షారా కొలోన్నా అనే పెద్దమనిషి కిరీటం పెట్టాడు. పాతికేళ్ల ముందు ఇంకో పోపు మీదికి మనుషులను వేసుకుని వెళ్లింది కూడా ఈయనే. మే నెలలో ఒక ఫ్రాన్సిస్కన్‌ను పోటీ పోపుగా నిలబెట్టారు. 1330కల్లా ఆ పోటీ పోపు మెడకు తాడు కట్టుకుని అవిన్యోన్ వెళ్లి జాన్ కాళ్ల మీద పడ్డాడు. పుస్తకం నిలిచింది, రాజకీయం కూలింది.

తర్వాత కథ మీ పాఠంలో ఉంటుంది, నేను తొందరగా చెప్తాను. 1378లో ఇద్దరు పోపులయ్యారు, 1409లో ముగ్గురు. ఎవరు అసలు అనేది ఎవరు తేల్చాలి? పోపు కంటే మహాసభ పెద్దదా అనే పాత ప్రశ్న అప్పుడు నిజంగానే పనికొచ్చింది. 1415లో కాన్‌స్టాన్స్ ఊళ్లో కూర్చున్న సభ, పోపు కూడా తన మాట వినాలని ప్రకటించింది. అదే సభ, అదే ఏడాది, యాన్ హుస్ అనే బోహిమియా (ఇప్పటి చెక్ దేశం) ప్రబోధకుణ్ణి కాల్పించింది.

ఓకమ్ 1330 నుంచి మ్యూనిక్‌లోనే ఉండిపోయాడు. వెలివేసిన మనిషి, ఇంగ్లండు మళ్లీ చూడలేదు. 1342లో మైకేల్ చనిపోతూ సంఘం ముద్రను ఆయనకు అప్పగించాడు. దాన్ని పట్టుకుని మరో ఐదేళ్లు రాస్తూ 1347లో పోయాడు. ఆ ముద్ర కూడా ఆయన లెక్క ప్రకారం ఆయనది కాదు, వాడుకుంటున్నాడంతే.

ఉంటాను. అమ్మమ్మ మీ ఇద్దరికీ సున్నుండలు పంపుతోంది. డబ్బా మాత్రం తిరిగి పంపమంది, అది ఆమెది.

ఇట్లు,
మీ తాతయ్య